గంగాకిషన్ వేసిన బీన్స్ పందిరి

గంగాకిషన్ తాత కోతలు కోస్తాడని ఆర్మూర్ మొత్తానికి తెలుసు. కానీ ఆ మాట ఆయన మొహం మీద అనే హక్కు మాత్రం ఒక్కరికే ఉంది, మా తాత కాశీనాథ్ సేటుకు. పసుపు మార్కెట్‌కు పోయే తొవ్వలో రైతుల పసుపును కమీషన్ మీద అమ్మిపెట్టే మా అడ్తి దుకాణం, దాని వెనకే ఇల్లు. దుకాణం ముందరి అరుగు మీద నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఇదే నడుస్తోంది. కిషన్ తాత ఎక్కడో చిన్నగా మొదలుపెడతాడు. గుట్టలు దాటిస్తాడు, సముద్రాలు దాటిస్తాడు. మా తాత అప్పటిదాకా కిక్కురుమనడు. చివర్లో, పసుపు కొమ్ము ఎండిందో లేదో టక్కున విరిచి చూసినట్టు, ఒక్క మాటతో ఆ కథను విరిచేస్తాడు. అరుగంతా నవ్వుతుంది. కిషన్ తాత మూతి ముడుచుకుని, చాయ్ సగంలో వదిలేసి పోతాడు. మర్నాడు అదే టైముకు మళ్ళీ దిగుతాడు.

దసరా వెళ్ళిన కొత్తలో మా తాతకు పక్షవాతం వచ్చి మూతి ఒక పక్కకు పోయింది. నిజామాబాద్ దవాఖానలో కొన్నాళ్ళు పెట్టుకున్నారు. చెయ్యి తిరిగొచ్చింది, కాలు తిరిగొచ్చింది. మాట మాత్రం వంకరగా మిగిలింది. "వంకరగానైనా సరే, రోజూ మాట్లాడించండి. సిగ్గుపడి నోరు మూసుకున్నాడా, వచ్చే మాట కూడా రాకుండా పోతుంది. ఈ చలికాలం దాటనివ్వకండి" అని డాక్టర్ చెప్పి పంపాడు.

తాత సిగ్గుపడ్డాడు. ఇంటికొచ్చిన రోజు "నీళ్ళు" అనబోతే ఇంకేదో వచ్చింది. అరుగు కింద నిలబడ్డవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. పసుపు రాశి ముందు నిలబడి మార్కెట్టంతా వినబడేలా ధర పాడిన గొంతు అది. ఆ రోజే తాళం పడింది.

అప్పటి నుంచి తాత రుమాలుతో మాట్లాడుతున్నాడు. పాతకాలపు పసుపు బేరం చూసినవాళ్ళకు ఇది తెలుసు. కొనేవాడూ అమ్మేవాడూ చేతులు కలిపి, మీద రుమాలు కప్పుకుని, కింద వేళ్ళు పట్టుకుని ధర మాట్లాడుకునేవాళ్ళు. వేలుకు వంద. లోపల ఎన్ని వేళ్ళు పట్టారో ఆ ఇద్దరికే తెలుస్తుంది. పట్టింది ఒకటి, పైకి చెప్పింది ఇంకొకటి అయిందా, అలాంటివాడికి మళ్ళీ మార్కెట్‌లో చెయ్యి ఇచ్చేవాళ్ళు ఉండరు. ఇప్పుడు బేరాలన్నీ ఫోన్లలోకి పోయాయి, రుమాళ్ళు మొహాలు తుడుచుకోవడానికి మిగిలాయి. మా తాత తన రుమాలు మళ్ళీ బయటికి తీశాడు. మా బాపమ్మ విద్యావతి చేతి మీద కప్పి ఒక వేలు పడితే నీళ్ళు, రెండు పడితే చాయ్, మొత్తం పిడికిలి పడితే నన్ను వదిలెయ్ అని. పోనుపోను పిడికిళ్ళే ఎక్కువైనాయి. చలి వెనకబడింది, మార్కెట్‌కు కొత్త పసుపు దిగింది, తాత నోరు మాత్రం తెరుచుకోలేదు.

ఆ రోజు పొద్దు వాలుతుండగా కిషన్ తాత చేతిలో చిన్న సంచితో వచ్చాడు. అరుగు మీద మా తాత, బాపమ్మ, నేను. మెట్టు మీద ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ పక్కింటి నీలవ్వ. స్తంభం కింద నిచ్చెన ఆనించి, చాయ్ తాగుతూ లైన్‌మన్ రఘునందన్.

"వదినె, గివి మా పెరటియి" అని కిషన్ తాత సంచి బాపమ్మ ముందు బోర్లించాడు. బీన్స్‌కాయలు, ఒక పూట కూరకు సరిగ్గా సరిపోయేన్ని. బాపమ్మ ఒకటి తీసి విరిచింది. టప్‌మంది.

"ఇన్నరా?" అన్నాడు కిషన్ తాత, ఎవరో పోయిన వార్త చెప్పేవాడిలా గొంతు దించి. "గా సప్పుడు ఇన్నరా? గా సప్పుడు తోనే మొదలైంది అంత పరేషాన్. నేను చెప్పొద్దనే అనుకున్న. చెప్పి ఏం ఫాయిదా, ఎవలు నమ్ముతరు? కాని ఇత్తనం గీ ఇంటిది. సేటుకు చెప్పకపోతే పాపం తలుగుతది."

మా తాత గోడకు ఆనుకుని రోడ్డు మీద ఎండబోసిన పసుపును చూస్తున్నాడు. తల తిప్పలేదు.

"ఏటేట గీ పెరట్ల సేటు, వదినె పెడ్తుండ్రి గదా, పొద బీన్స్. ఈ ఏడు సేటుకు పానం బాగలేక పెట్టలేదు. ఇత్తనం చెడిపోవద్దని వదినె పిడికెడు నాకిచ్చింది. నేను గులాంగిరి చేసినోన్ని కాదు, దుబాయిల షేక్ తోట మొత్తం నా చేతిల ఉండె, ఖర్జూరం చెట్లు నన్ను చూస్తే సలాం కొడ్తుండె, గది వేరే ముచ్చట. ఇంటికి పోంగనే పార తీసుకున్న. పసుపు పెట్టిన చేతులాయె. జానెడు లోతు తీసిన, బోదె కట్టిన, పెండ ఏసిన, ఇత్తులు పెట్టి మట్టి కప్పి, ఇగ కాలువ నిండ నీళ్ళు ఇడిచిన. పసుపుకు ఎట్ల పెడ్తమో గట్లనే. సుక్క తక్కువ లేదు."

"అవి కుళ్ళిపోయినయి కదా తాతా! మళ్ళా ఇంకో పిడికెడు..." నా మాట పూర్తి కాలేదు. బాపమ్మ నా తొడ మీద గిల్లింది. ఎంత గట్టిగా అంటే, నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"నువ్వు అనకు" అంది నా చెవిలో. "ఆయన అననీ."

అప్పుడు అర్థమైంది. కథ విరవడం నా పని కాదు. అరుగు మీద ఎవరి పనీ కాదు. ఆ పని చేసే మనిషి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నేను నోట్లో మాట నోట్లోనే పెట్టుకున్నాను. నా లాంటిదానికి అది ఎంత కష్టమో నన్నెరిగినవాళ్ళకు తెలుసు.

"కుళ్ళలే బిడ్డా" అన్నాడు కిషన్ తాత, నా అజ్ఞానానికి జాలిపడుతూ. "అందరు గట్లనే అనుకున్నరు. గవి కిందికి మొలిచినయి. జానెడు లోతుల పెట్టిన గదా, పైకి దూరమా కిందికి దగ్గరనా అని చూసుకున్నయి, కిందికి పోయినయి. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? మా బోరు నీళ్ళు మొత్తం తాగినయి. మోటరు ఏస్తే గాలి వచ్చింది. మా ఇంటామె గంగమణి బిందె పట్టుకొని నిలబడె, నీళ్ళు లేవు. నాకు గప్పుడు అర్థమైంది, గీ బీన్స్ ఆషామాషీ బీన్స్ కాదు. రెండో పారి వదినె ఇచ్చిన ఇత్తులు ఏలు గణుపు లోతులనే పెట్టిన. ఇట్ల మట్టి కప్పి, ఇట్ల లేసి, ఇట్ల చేతులు దులుపుకున్న. వెనుక సప్పుడైంది. తిరిగి చూస్తే మొల్కలు."

"గప్పుడే?" అంది నీలవ్వ. ఆమె చేతులు బీడీ చుట్టడం ఆపలేదు.

"ఇంకా లేటైంది. నేను చేతులు దులుపుకునుడు ఆలస్యం చేసిన గాబట్టి గంతసేపు పట్టింది. పూత గంగమణి చూసింది, నేను చూడలే. నేను చెప్పులు ఇడిచి లోపటికి పోయి మల్ల వచ్చెవరకు పూత రాలి పిందె పడ్డది. బీన్స్ సంగతి వదినెకు ఎర్కనే, కోస్తున్న కొద్ది కాస్తయి. మామూలుగ ఎవలింట్లనైన గంతే. మా ఇంట్ల ఏమైందంటే, గంగమణి సాలు మొదట్ల ఒక కాయ కోసి, సాలు చివరకు పోయెవరకు మొదట్ల కాయ మల్ల ముదిరింది. ముదిరితే చెట్టు కాపు ఆపుతది గదా, అందుకని ఉరికి అది కోసింది. కోసి చూస్తె చివరకు ముదిరింది. ఇగ తిరుగుతనే ఉన్నది. బువ్వ నేనే తీసుకపోయి సాల్ల మధ్యన నిలబడి తినిపించిన. బీడీల గంప నిండింది, చాపలు నిండినయి, మంచాలు నిండినయి. గల్లీ మొత్తం బీన్స్ వండిండ్రు. పొద్దుగాల బీన్స్, పగటి పూట బీన్స్, చాయ్‌ల ముంచుకునుడు బీన్స్. మా గల్లీ మేకలు ఒక రోజు తిన్నయి, రెండో రోజు నన్ను చూస్తే మొఖం అటు తిప్పుకున్నయి. నోరు లేని జీవాలు, ఏం జెప్తయి పాపం."

నోరు లేని జీవాలు అన్నప్పుడు మా తాత కన్ను ఇటు తిరిగింది. మళ్ళీ రోడ్డు మీదికి పోయింది.

కిషన్ తాత ఆ కన్నును చూశాడు. చాయ్ ఒక గుక్క తాగి గొంతు ఇంకాస్త దించాడు.

"గది పోనీ. అసలు కాయ సంగతి వినుండ్రి. గిప్పుడు వదినె ఇరిస్తె టప్ మన్నది గదా, గిది లేత కాయ, చెట్టు కింది కొమ్మది. పై కొమ్మది ఒక కాయ ఉండె, నా ముంజేయంత. వండాలె గదా అని మోకాలికి ఆనిచ్చి ఇరిసిన. నాకు తెల్వదు గంత సప్పుడు వస్తదని. మాక్లూర్ దాక పోయింది. ఆలూర్‌ల ట్రాన్స్‌ఫార్మర్ పేలిందనుకున్నరు. సబ్‌స్టేషన్ల కరెంట్ బంద్ చేసిండ్రు. ఎవలు చేసిండ్రు? గీ రఘునందనే చేసిండు. ఉన్నడు గదా ఎదురుంగనే, అడుగుండ్రి!"

రఘునందన్ చాయ్ గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది. "నేనా? నేనెప్పుడు..."

బాపమ్మ అతన్ని చూసింది. మాట లేదు, చూపు ఒక్కటే. రఘునందన్ చాయ్ మింగాడు, చాయ్‌తో పాటు ఇంకేదో కూడా మింగాడు.

"అవ్" అన్నాడు నేలను చూస్తూ. "చేసిన."

"చేసినవా లేదా? గట్టిగ చెప్పు."

"చేసిన సారూ! లైన్ క్లియర్ తీసుకొని మరీ చేసిన. స్తంభమెక్కి చూస్తే ఏం లేదు. బీన్స్ వాసన వచ్చింది."

"చూసిండ్రా?" కిషన్ తాత కళ్ళు మెరిశాయి. ఏళ్ళ తరబడి కోతలు కోస్తున్నాడు, ఒక్క సాక్షి దొరకలేదు పాపం. ఇవాళ దొరికాడు, పైగా ప్రభుత్వ ఉద్యోగి. ఇక ఆగుతాడా?

"గప్పుడు నాకు ఫికర్ పట్టుకున్నది. గింత బలమున్న చెట్టు కింద పడి ఉంటే ఎట్ల? వెదురు బొంగులు తెచ్చిన, కొబ్బరి తాళ్ళు తెచ్చిన, తీగెలు గుంజిన. పందిరి ఏసిన. ఇద్దరు మనుషులు ఒకల మీద ఒకలు నిలబడితే అందేటంత ఎత్తు."

మా తాత తల మొత్తంగా ఇటు తిరిగింది.

ఇక్కడ మీకొక మాట చెప్పాలి. ఆ పందిరి నిజం. ఆ ముందు వారం నేను గంగమణి అమ్మమ్మ దగ్గరికి పోయినప్పుడు కళ్ళారా చూశాను. పొద బీన్స్‌కు పందిరి అక్కర్లేదు. అది పాకే జాతి కాదు, మోకాలి ఎత్తుకు వచ్చి అక్కడే గుబురుగా ఆగిపోతుంది. బాపమ్మ ఇత్తులు ఇచ్చేటప్పుడే చెప్పింది, "ఇవి ఎక్కయి కిషనూ" అని. కానీ పెరట్లో కాయ అనగానే పందిరి వేసే ఇంట్లో పుట్టిన మనిషి ఆయన. ఎందుకెక్కవో చూస్తా అని వేశాడు. ఇంత ఎత్తు పందిరి, దాని మీద ఒక్క ఆకు లేదు, కింద మోకాలెత్తు బీన్స్ మొక్కలు, పెళ్ళి పందిట్లో పెద్దవాళ్ళ కోసం చూస్తూ నిలబడ్డ పిల్లల్లాగా. నా నోట్లో పెట్టుకుని కూర్చున్న మాట అదే. గొంతు దాకా వచ్చింది. బాపమ్మ వేళ్ళు నా తొడ మీదే ఉన్నాయి.

"ఎక్కినయా?" అంది నీలవ్వ, అమాయకంగానో కావాలనో.

"ఎక్కినయా అంటవేందవ్వా? పందిరి ఎక్కి, పందిరి సాలక కరెంట్ స్తంభం ఎక్కినయి. రఘునందన్ చూసిండు."

"చూసిన" అన్నాడు రఘునందన్, ఈసారి ఎవరూ చూడకముందే.

"స్తంభం నుంచి స్తంభానికి పోయినయి. అంగడి దాటినయి, బస్టాండ్ దాటినయి, సిద్ధులగుట్ట ఎక్కినయి. గుట్ట మీది బండరాళ్ళ సందులల్ల నుంచి మలుసుకుంట పైకి పోయినయి. మోకాళ్ళ నొప్పులోళ్ళు మెట్లు ఎక్కుడు బంద్ చేసిండ్రు, బీన్స్ తీగె పట్టుకొని పైకి పోవుడు, దండం పెట్టుకొని నాలుగు కాయలు తెంపుకొని జారి కిందికి వచ్చుడు. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? ఇగ గుట్ట మీద నుంచి పోనీకి జాగ లేదు. తీగె నాలుగు దిక్కులు చూసింది. ఒక కొస మోర్తాడ్ దిక్కు పోయింది, మోర్తాడ్‌ల ఇంటికొక్కరు గల్ఫ్‌ల ఉన్నరు గదా, గా ఇండ్ల మీదుంగ పాకి, ఆడోళ్ళు ఏమనుకుంటున్నరో ఇని, ఇగ పడమర పట్టింది. సముద్రం మీదుంగ. దుబాయి దాక."

రోడ్డు మీద పసుపు లోడుతో ట్రాక్టర్ పోయింది. దాని వెనక లేచిన పసుపు దుమ్ము అరుగు మీదికి వచ్చి అందరి మీదా పడింది. కిషన్ తాత అది దిగేదాకా ఆగాడు. మళ్ళీ అందుకున్నప్పుడు గొంతు మారింది. అది కోతలు కోసే గొంతు కాదో, లేక అన్నిటికన్నా పెద్ద కోతకు దాచుకున్న గొంతో, నాకు ఇప్పటికీ తెలియదు.

"నీలవ్వ చిన్న కొడుకు ఉంటడు గదా గాడ, కూలోళ్ళ క్యాంపుల. ఒక రూముల ఎనిమిదిమంది. కిటికీల నుంచి చెయ్యి పెట్టిండు, చేతికి బీన్స్ తీగె తగిలింది. ఇంటి వాసన వచ్చింది. తీగెను చెవికి పెట్టుకున్నడు. గీ కొసన నీలవ్వ ఏదో అనుకుంట బీడీలు చుడుతున్నది, గా మాట పోయి గా కొసన పడ్డది. ఫోన్‌ల మాట వేరే అవ్వా. ఫోన్‌ల మంచిగున్న అనే చెప్తరు, అటోళ్ళు, ఇటోళ్ళు. తీగెల గట్ల కాదు. నోట్లె ఎట్ల ఉంటె గట్లనే పోయింది. అడ్డం వస్తె అడ్డం, వంకర వస్తె వంకర. ఏడుపు కలిసినా సరే, నత్తి వచ్చినా సరే, తీగె అన్నది, నువ్వు ఇడువు, మోసుకపోవుడు నా పని అన్నది. కడమది ఇనేటోడు చూసుకుంటడు అన్నది. ఏం నీలవ్వా, ఇన్నడా లేదా?"

నీలవ్వ చేతులు ఆగాయి. అప్పటిదాకా ఒక్క క్షణం ఆగని చేతులవి. చాటలో సగం చుట్టిన ఆకు విప్పుకుంది.

"ఇన్నడు" అంది.

మా తాత వైపు చూశాను. ఆయన పిడికిలి బిగించి రుమాలు మీద పెట్టుకున్నాడు. వదిలెయ్ అని. బాపమ్మ ఆ పిడికిలిని చూసి, చూడనట్టు ఇంకో కాయ విరిచింది.

కిషన్ తాత లేచాడు. మా తాత పక్కనే గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "మీరు అవ్ అన్నరు సరే. నాకు తెలుసు మీరు మర్యాదకు అన్నరు. నాకు మర్యాద అక్కెర లేదు. ఇత్తనం సేటుది, ఈ మార్కెట్‌ల సేటు వేలు పట్టిండంటె ఇగ తిరుగులేదు. సేటే చెప్పాలె, నా బీన్స్ చెట్టు ఎంత ఎత్తు పోయిందో."

కిషన్ తాత మా తాత ఒళ్ళోంచి రుమాలు తీసి, ఇద్దరి చేతుల మీదా కప్పాడు. "రివాజు ప్రకారం సేటూ. వేలుకు వంద. ఎన్ని వందల మూరలు?"

తాత కదలలేదు. అందరం రుమాలునే చూస్తున్నాం. కాసేపటికి కింద ఏదో కదిలింది. ఒకే ఒక్క కదలిక, చిన్నది.

"అయిదు!" కిషన్ తాత అరుపుకు రఘునందన్ నిచ్చెన జారింది. "అయిదు వేళ్ళు! గట్టిగ పట్టిండు! అయిదొందల మూరలు! ఇగ ఏమంటరు? నేను అన్నది గాదు, కాశీనాథ్ సేటు అన్నది!"

తాత మొహం చెవుల దాకా ఎర్రబడింది. చెయ్యి విదిలించి, రుమాలు లాగి కింద పడేశాడు. చూపుడు వేలు ఒక్కటే పైకెత్తి అందరికీ చూపించాడు. ఒక్కటే పట్టాను, ఒక్క మూర, వందలు కాదు అని.

"ఆఁ, ఇంకొకటి కూడ కలపాలెనట" అన్నాడు కిషన్ తాత గంభీరంగా. "అయిదొందల ఒక్క మూర. సేటు లెక్క సేటుదే, నేను గంత చూసుకోలే."

"ఇగ నువ్వే అన్నవంటె నిజమే ఉంటది సేటూ" అంది నీలవ్వ, కళ్ళు తుడుచుకుంటూ. "నువ్వు వేలు పట్టి అబద్ధమాడినోనివి కాదు."

అది తగిలింది. ఏళ్ళకేళ్ళు ఆ అరుగు మీద, ఆ మార్కెట్‌లో, ఆ చెయ్యి పట్టిన వేలు ఒకటి, చెప్పిన వేలు ఇంకొకటి ఎన్నడూ కాలేదు. ఇప్పుడు అది పోతోంది, అయిదొందల మూరల బీన్స్ తీగె మీద పోతోంది. కాదనడానికి వేళ్ళు పనికిరావు, వేళ్ళ మీదే అబద్ధం పడింది. మిగిలింది ఒకటే.

తాత పెదవులు కలిశాయి, విడిపోయాయి. ఒక పక్క కదిలింది, ఇంకో పక్క కదల్లేదు. "మ" అన్నట్టు వచ్చింది. ఆగిపోయింది. బాపమ్మ చేతిలో కాయ సగం వంగి అక్కడే ఉంది. ఎవరూ ఆయన బదులు అనలేదు. మాట తెలిసి కూడా నేను అనలేదు.

"మో..." అన్నాడు తాత. "మో...కాలు."

"ఏంది సేటూ?" కిషన్ తాత చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "ట్రాక్టర్ సప్పుడుల వినబడలే."

ట్రాక్టర్ పోయి చాలాసేపైంది.

"మో-కాలు... లాకనే!" తాత అరిచాడు. దా అనాల్సింది లా అయింది, ఎవరికీ పట్టింపు లేదు. "పొల... చెత్తు! మూరెలు! పొల చెత్తుకు... పంతిరి... ఎంలుకేసినవ్‌రా?"

పొద చెట్టు, మూరెడు, పొద చెట్టుకు పందిరెందుకేసినవ్‌రా. అరుగు మీద అందరికీ అర్థమైంది. ముందుగా రఘునందన్ నవ్వాడు, తన కరెంటు పాపం కూడా అందులో కడుక్కున్నంతగా. నీలవ్వ చాట పక్కన పెట్టి నవ్వింది. నేను నవ్వాను, నా నోట్లో మాట ఆయన నోట్లోంచి వచ్చినందుకు.

కిషన్ తాత అంత తొందరగా ఒప్పుకునే మనిషి కాదు. "సరే సేటూ. మోకాలే. నేను కాదన్ననా? కాని ఎవల మోకాలు? గది చెప్పలే నువ్వు. సిద్ధులగుట్ట కూసుంటె గుట్టకు మోకాలు ఎంత ఎత్తుంటదో..."

"నీ మోకాలు" అన్నాడు మా తాత. ఈసారి ఆగకుండా వచ్చింది. "పొత్తోలా."

పొట్టోడా. చిన్నప్పుడు ఇద్దరూ కలిసి మార్కెట్‌లో పసుపు బస్తాల మీద ఆడుకునే రోజుల్లో పెట్టిన పేరట అది.

కిషన్ తాత చాయ్ గ్లాసు సగంలో పెట్టేశాడు. మూతి ముడుచుకున్నాడు. ఖాళీ సంచి దులిపి చంకలో పెట్టుకుని, ఎవరినీ చూడకుండా మెట్లు దిగి పోయాడు. తూచా తప్పకుండా, ఎప్పటిలాగే.

బాపమ్మ మాత్రం నవ్వలేదు. లోపలికి పోయి కొంచెం ఆలస్యంగా వచ్చింది, చాయ్ పట్టుకుని. తాత అలవాటు ప్రకారం కింద పడ్డ రుమాలు తీసి ముందుకు చాపాడు. ఆమె చెయ్యి ఇవ్వలేదు. గ్లాసు ఎత్తి పట్టుకుని నిలబడింది.

"నోరున్నది గదా" అంది.

తాత ఆమెను చూశాడు, నన్ను చూశాడు, నీలవ్వను చూశాడు. "చా" అన్నాడు. అంతకన్నా రాలేదు. అది చాలనుకుని బాపమ్మ గ్లాసు ఇచ్చింది.

ఇదంతా సేటును మాట్లాడించడానికే తాను పకడ్బందీగా వేసిన ప్లాన్ అని కిషన్ తాత ఇప్పుడు ఊరంతా చెప్పుకుని తిరుగుతున్నాడు. డాక్టర్ కూడా తనను అడిగి రాసుకున్నాడట. నమ్మడం మీ ఇష్టం. నేనైతే ఆయన పోతున్నప్పుడు మొహం చూశాను, అందులో ఉన్నది అచ్చమైన కోపమే.

పందిరి మాత్రం అలాగే ఉంది. బట్టలు ఆరేయడానికి తాళ్ళైనా పనికొస్తాయి, విప్పమని గంగమణి అమ్మమ్మ మొత్తుకుంటోంది. కిషన్ తాత వినడం లేదు. "సేటు వచ్చి, మా పెరట్ల నిలబడి, నోటితోని చెప్తే ఇప్పుత. లేకపోతే వచ్చే ఏడు గిదే పందిరికి మల్ల బీన్స్ ఎక్కిస్త" అని కబురు పంపాడు.

ఈ పొద్దున మా తాత అరుగు దిగి చెప్పులు వెతుక్కుంటున్నాడు. దవాఖాన నుంచి వచ్చాక ఆయన అరుగు దిగడం ఇదే మొదలు.

"ఎటు తాతా?" అన్నాను.

"పంతిరి" అన్నాడు. "ఇప్పి...త్త."

బాపమ్మ గడపలోకి వచ్చి నిలబడింది. తాత కర్ర ఆనించుకుంటూ ఎండబోసిన పసుపు పక్కనుంచి మెల్లగా నడిచి మలుపు తిరిగాడు. ఆయన రుమాలు అరుగు మీదే మర్చిపోయాడు. నేను చూశాను, పిలిచి ఇవ్వలేదు.